తురాయి కోరిక

"తురాయీ! ఓ తురాయీ! ఒక్క ముద్ద ముట్టవే తల్లీ!"

దడి మీద కూర్చున్న కాకిని చూసి బొల్లి గేదె బతిమాలుతోంది. తురాయి ఆ కాకి పేరు కాదు, గేదె పెంచుకున్న ఉడుతపిల్ల పేరు. కొమ్ముల మధ్య తురాయిలా కూర్చుని చేలన్నీ ఊరేగేది. వానల్లో జ్వరం తగిలి, ఆ కొమ్ముల మధ్యే ముడుచుకుని పడుకుంది. మళ్ళీ లేవలేదు.

పోయినవాళ్ళ పేరున పెట్టిన ముద్దని కాకి ముట్టాలి. ముట్టలేదంటే వాళ్ళకేదో కోరిక మిగిలిపోయినట్టే. ఇంటివాళ్ళని చూసి గేదె నేర్చుకుంది ఇదంతా.

మొదటిరోజు తన వాటా తవుడు బాదం ఆకులో పెట్టింది. కాకి నీలప్ప ముక్కు తిప్పేశాడు.

"నా చేతుల్లో ఏముందక్కా? దాని మనసులో ఇంకేదో ఉంది."

మర్నాడు ఉలవలు. "ఊహూ." ఆ మర్నాడు వేరుశనగ చెక్క. "ఆఁ, కాస్త దగ్గరకొచ్చావు. ఇంకొంచెం పెద్ద ముక్కేమో!"

గేదె మేతకెళ్ళి వచ్చేసరికి రోజూ ఆకు ఖాళీ.

"చీమలు పట్టుకుపోయాయక్కా," అనేవాడు నీలప్ప, మూతి తుడుచుకుంటూ.

పది రోజులకి గేదె డొక్కలు లోపలికి పోయాయి. నీలప్ప ఎగరడం మానేసి దడి మీద నడుస్తున్నాడు. పక్క గుంజకి కట్టిన మేక పుల్లమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"అంత చెక్కని చీమలు మోసుకెళ్ళాయా? బండి కట్టుకుని వచ్చాయా ఏం?"

"పిన్నీ, ఇది దైవకార్యం. నువ్వు ఆకులు నములుకో."

పుల్లమ్మ గడ్డం ఊపుతూ గేదె వైపు తిరిగింది. "వదినా, తురాయి కోరిక తిండి కాదు. నా చెవిలో చెప్పుకుంది పాపం. కాకి తోక ఈకలు పీకి గూట్లో పరుచుకోవాలట. వానమబ్బు మీద పడుకున్నట్టు ఉంటుందట!"

నీలప్ప గొంతుకి ఉలవగింజ అడ్డం పడింది. "అ... అబద్ధం!"

"పోయినదాని కోరిక కాదనకూడదు వదినా. నువ్వు కొమ్ముతో అదిమిపట్టు, నేను లాగుతా."

గేదె ఒక్కడుగు ముందుకేసింది. నీలప్ప ఎగరబోయాడు, పొట్ట లేవనివ్వలేదు. దభీమని ఆకు పక్కన పడి టకటకా ముద్ద పొడిచాడు.

"ముట్టాను! ముట్టానక్కా! కోరికలన్నీ తీరిపోయాయి!"

అయినా పుల్లమ్మ ఒక ఈక లాగనే లాగింది. "ఇది నా కోరిక." కుంటుకుంటూ పారిపోతున్న కాకి వెనక అరిచింది, "ఏడ్చేవాళ్ళ ఆకులో తిన్నవాడికి తోక మిగలదురోయ్!"

గేదె మాత్రం నవ్వలేదు. పొడిచిన ముద్దనే చూస్తోంది. కొమ్ముల మధ్య గాలి తగులుతుంటే దాని కళ్ళు నిండిపోయాయి.

"దొంగ దొరికాడుగా, ఇంకా ఏడుపేంటి వదినా?"

"వాడు దొంగని నాకు రెండో రోజే తెలుసే. ముక్కుకి ఉలవపొట్టు అంటుకుని ఉంది." గేదె ఆకు మీదకి తల వంచింది. "వాడు నా కళ్ళముందు ముడితే నా తురాయి నిజంగా వెళ్ళిపోతుందని... నేనే ఊరుకున్నా."