పెంచలమ్మ తిట్టు

శేషూ, ఏది ముందు జరిగిందో ఏది వెనుకో నేను కొంచెం తారుమారు చేస్తానేమో గాని, చెంచురామయ్య తన గురువు కోదండయ్య గారిని అడిగిన ప్రశ్న మాత్రం ఇదే: “అయ్యా, మనం ఏం తక్కువ చేశామని వీళ్ళు వెళ్ళిపోతామంటున్నారు?”

వీళ్ళంటే సెల్వరాసన్, అతని భార్యాబిడ్డలు. లంకలో యుద్ధానికి ఇల్లు తగలబడితే సముద్రం దాటి వచ్చినవాళ్ళు. చెంచురామయ్య వాళ్ళకు తన పెరటి వసారా ఇచ్చాడు. ఊరు బియ్యం ఇచ్చింది, బట్టలిచ్చింది. సెల్వరాసన్ ఏ పనికి చెయ్యి వేయబోయినా, పాపం నువ్వు కష్టాలు పడి వచ్చావు, కూర్చోమని పీట వేసింది. ఏడాది తిరిగేసరికి అతను మూట కట్టాడు. ఎక్కడికి పోతావంటే, ఎక్కడైనా ఒకటే కదా అన్నాడట. ఆ మాట చెంచురామయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు పంట కాలువలో పూడిక తీసే పని ఉంది. ఇంటికొక మనిషి పారతో రావడం ఆ ఊరి కట్టుబాటు. గురువుగారు చాటింపు వేసేవాణ్ణి పిలిచి, వసారా ముందు కూడా డప్పు కొట్టమన్నారు. తన పార అక్కడికి పంపారు.

ఆ డప్పు తనకేనా అని తేల్చుకుని సెల్వరాసన్ కాలువకు వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. గట్టు మీద నిలబడి పని పంచేది పెంచలమ్మ. ఆమె నోటికి జడవనివాడు ఊళ్ళో లేడు.

“ఏమయ్యా సెల్వరాసా, కొత్త పెళ్ళికొడుకువా? పల్లకీ పంపాల్నా నీకు? ఎండ నెత్తి మీదికొచ్చె, దిగు కాలవలోకి.”

పారలు ఆగిపోయాయి. చెంచురామయ్య ప్రాణం చివుక్కుమంది. సర్దిచెప్పడానికి లేవబోతే గురువుగారు చెయ్యి పట్టుకుని ఆపారు. సెల్వరాసన్ పంచె ఎగగట్టి బురదలోకి దిగాడు.

“రేపు నేనే వచ్చి నిన్ను నిద్ర లేపుతా, అవ్వా.”

కాలువ పొడుగునా నవ్వులు పాకాయి. పెంచలమ్మ మాత్రం నవ్వలేదు. తట్ట నిండా మట్టి ఎత్తమంది.

సాయంత్రం చెంచురామయ్య వసారాలోకి తొంగి చూస్తే, సెల్వరాసన్ భార్య మూట విప్పి, గిన్నెలు తీసి గూట్లో సర్దుతోంది.

చెంచురామయ్య గురువు దగ్గరికి వెళ్ళాడు. ఏడాదిగా తాను పల్లెత్తు మాట అనలేదని, పెంచలమ్మ అందరి ముందూ తిట్టిందని, అయినా మూట విప్పారని చెప్పాడు. “అయితే నేనూ తిట్టి ఉండాల్సిందా, అయ్యా?”

గురువుగారు తిరిగొచ్చిన పారకు అంటిన బురద కడుగుతున్నారు.

“పార ఇవ్వనివాడికి తిట్టే హక్కు ఎక్కడిదయ్యా?” అన్నారు.

అమ్మాయ్ శేషూ, పేర్లు సరిగ్గా రాశానో లేదో ఒకసారి చూడు. ముఖ్యంగా సెల్వరాసన్ పేరు.