గంగునాయుడు తాగిన మాట

రండమ్మా, రండి నాయనా, చాప మీద ఇంకాస్త దగ్గరకు జరగండి. అప్పన్నస్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నా, నవ్వొస్తే ఆపుకోకండి.

అప్పలనరసయ్యకు తన తెలివంటే మహా గర్వం. దేవుడు ఊరికంతా పంచాల్సిన తెలివిని తమ గుమ్మంలోనే దించేసి, ఖాళీ బుట్టతో వెళ్ళిపోయాడని చెప్పుకునేవాడు. ఆ గుమ్మంలో దించిందేమిటో మీరే చూడండి.

అతని తమ్ముడు గంగునాయుడు రామాలయంలో భజన ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినపడేది. పాపం, అతనికి మూర్ఛలు. తలకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. మెదడులో మాట ఏ పక్కనుందో ముందు మిషనులో ఫోటో తీసి చూడాలని, ఆ పక్క కత్తి తగిలితే మాట పోతుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పలనరసయ్య గుండె జారిపోయింది. మాట లేకపోతే తమ్ముడికి భజనెక్కడిది?

మిషనులో పడుకోబెట్టి, నోరు కదపకుండా కూరగాయల పేర్లు మనసులోనే అనుకోమన్నారు. గంగునాయుడు అనుకున్నాడు. బయటికి తెచ్చారు. ఇక చాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. అంతే, నోరు తెరవడే!

పెళ్ళాం పైడితల్లి పలకరించింది. పలకలేదు. అప్పలనరసయ్య ఫోటో కాగితం చూశాడు. ఎడమ పక్కన ఎర్రటి మచ్చ. ఇంకేముంది, మిషను తమ్ముడి మాటను లాగి కాగితానికి అంటించేసిందని తేల్చేశాడు.

పైడితల్లి ఆ మచ్చకు చెవి ఆనించి వింది. "ఏమీ అనట్లేదు బావగారూ. పొద్దుట్నుంచీ ఏం తినలేదుగా" అంది. అంతే, మచ్చకు పెరుగన్నం పెట్టారు. అది తినలేదు, అన్నం జారింది. అప్పుడు అప్పలనరసయ్య బుర్ర ఇంకా పదునెక్కింది. కాగితాన్ని చెంబులో ముంచి, తులసిదళం వేసి కడిగాడు. ఎర్రరంగు నీళ్ళలోకి దిగింది. మాట దిగిందని దణ్ణం పెట్టి, తమ్ముడి చేత తీర్థంలా మూడు గుక్కలు తాగించాడు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి ఫోటో ఏదని అడిగింది.

"తమ్ముడి కడుపులో ఉందండి" అన్నాడు అప్పలనరసయ్య.

ఆవిడ తల పట్టుకుంది. కంప్యూటర్లో ఇంకోటి ఉంది కాబట్టి సరిపోయింది. మాట ఎడమ పక్కనుందని, కుడి పక్కే కోస్తామని, భయం లేదని చెప్పి, ఇక మాట్లాడవయ్యా అంది గంగునాయుడితో.

"హమ్మయ్య. కూరలు నిన్ననే అయిపోయాయండి, ఇవాళంతా ఆకుకూరలతో నెట్టుకొస్తున్నా" అన్నాడతను.

స్వామి దయవల్ల ఆపరేషన్ చక్కగా జరిగింది. మాట చెక్కు చెదరలేదు, మూర్ఛలూ పోయాయి. డాక్టరమ్మ ఎంత చెప్పినా అప్పలనరసయ్య మాత్రం నమ్మలేదు. ఎడమ పక్క ఉన్నది నిన్నటి మాట, ఇప్పటిది తన చేత్తో తాగించిందేనన్నాడు.

భజన రోజు వచ్చింది. జనం కిక్కిరిసి కూర్చున్నారు. గంగునాయుడు గొంతు సవరించుకున్నాడు. అన్న పరుగున వచ్చి నోటి దగ్గరున్న మైకు లాగేసి, తమ్ముడి బొడ్డుకు తువ్వాలుతో బిగించి కట్టాడు. ఊరంతా ఆ రోజు విన్నది, పొట్టలో పులిహోర అరిగే చప్పుడు.

బొడ్డుకు మైకు కట్టిన ఆ ఒక్క పనీ గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్ళి ఇంకో నలుగురికి చెప్పండి తల్లీ.