ముప్పై రోజుల అతిథి

ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల ఇంకో రాజ్యం. కొత్తగా పుట్టిన మనవరాలిని చూసి వద్దామని బుట్టలల్లే నాంచారమ్మ అవతలి ఒడ్డున పడవ దిగింది. సుంకం అధికారి విరూపాక్షయ్య అడ్డొచ్చాడు.

"ముప్పై కాసులు కట్టు."

"సాయంత్రానికి వెళ్ళిపోతాను కదా బాబూ."

"పూట ఉన్నా అంతే, నెల ఉన్నా అంతే. ఈ చీటీతో ముప్పై రోజులూ నువ్వు రాజుగారి అతిథివి."

రెండు నెలలు అల్లిన బుట్టల డబ్బు అది. పళ్ళు నూరుకుంటూ కట్టింది.

సాయంత్రం తిరిగొచ్చి, ఆయన ఇంటి అరుగు మీద మూట దించి చాప పరిచింది.

"పడవ అటుంది," అన్నాడు విరూపాక్షయ్య.

"నాకింకా ఇరవై తొమ్మిది రోజులున్నాయి. ఇక్కడ రాజుగారి మనిషి మీరే కదా. రాత్రికి కూరేం చేయించారు?"

"లేచి వెళ్ళు."

"అలాగే. రాజుగారి అతిథిని గెంటేశానని ఈ చీటీ వెనక రాసివ్వండి."

విరూపాక్షయ్య కలం తీసి, మళ్ళీ పెట్టేశాడు. విసుక్కుంటూ ఇరవై తొమ్మిది కాసులు ఆమె చేతిలో పోశాడు.

నాంచారమ్మ వాటిని కొంగున ముడేసుకుంది.

"వంట మాత్రం ఆపించకండి. ఇవాళ మీ సంతకొచ్చిన మా ఊరివాళ్ళు నలభై మంది, ఇవే చీటీలతో వెనకే వస్తున్నారు."