తెరమీద నడిచిన గుర్రం

అనగా అనగా కొండల నడుమ మణిమంతపురమని ఒక పట్నం. దాన్ని ఏలే రాజు కీర్తిధరుడు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు మాలావతి.

ఆ వంశంలో పట్టాభిషేకానికి ముందు వారసులు గుర్రమెక్కి కొండమీది కులదేవతను దర్శించి రావాలి. దారి సన్నం. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. గుర్రం కాలు తడబడితే ఇక చెప్పేదేమీ ఉండదు. అందుకని రాజు కూతురికోసం మంచి గుర్రాన్ని వెదికిస్తున్నాడు.

ఒకనాటి ఉదయం నాగదత్తుడనే వర్తకుడు ఒక తెల్లగుర్రాన్ని తెచ్చి కోట ముంగిట నిలిపాడు. దాని తలమీద నెమలిఈకల కుచ్చు, మెడనిండా పట్టు దండలు, నాలుగు కాళ్లకూ మువ్వలు. కదిలితే చాలు, ముంగిలంతా ఘల్లుమనేది.

సేనాపతి దాన్ని దౌడు తీయించాడు. గాలిలో ఎగిరే జూలు చూసి, ఇంతటి గుర్రం మన లాయంలోనే లేదన్నాడు. అశ్వవైద్యుడు దాన్ని నిలబెట్టి నాలుగు కాళ్లూ తడిమాడు. వాపు లేదు, వేడి లేదు, ఏ దోషమూ లేదన్నాడు. రాజు సరేననబోయాడు.

ఆ ముంగిట్లోనే ఒక పక్క సింగమ్మ అనే ముసలామె తోలుబొమ్మలాటకు తెర కడుతోంది. గుర్రాన్ని లాయం వైపు నడిపించుకుపోతుంటే చూసి, చేతిలో తాడు వదిలి రాజు ముందుకు వచ్చింది.

"మహారాజా, ఈ గుర్రానికి కుడి ముంగాలు నొప్పి. అమ్మాయిగారిని దీనిమీద కొండెక్కించకండి" అంది.

వర్తకుడు మండిపడ్డాడు. బొమ్మలాడించుకునేదానికి గుర్రాల సంగతి ఏం తెలుసునన్నాడు. మాట తప్పయితే ఈమె ఈ రాజ్యంలో మళ్లీ తెర కట్టకూడదని పట్టుబట్టాడు. సేనాపతి అదే న్యాయమన్నాడు. సింగమ్మకు ఆ ఆట తప్ప వేరే బతుకుతెరువు లేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మాలావతి ఆమె దగ్గరికి వచ్చి, "నీకెలా తెలిసింది, అవ్వా?" అని అడిగింది.

"బొమ్మను నడిపించాలంటే ముందు ప్రాణి నడక నేర్చుకోవాలి తల్లీ. అందరూ కాళ్లు చూస్తారు. నొప్పికాలు నేలకు ఆనినప్పుడల్లా గుర్రం తల పైకెత్తుతుంది. నేను తల చూశాను."

పరీక్షించి చూద్దామని రాజు ముందు మువ్వలు విప్పించి గుర్రాన్ని నడిపించాడు. గిట్టల చప్పుడులో ఒకటి తేలికగా పడుతోందని మాలావతి అంది. నేల ఎగుడుదిగుడుగా ఉందని వర్తకుడు కొట్టిపారేశాడు.

తరువాత కుచ్చు, దండలు తీయించారు. తల ఊగుతున్నట్టే ఉందని అశ్వవైద్యుడు గొణిగాడు. కానీ ఆ తెల్లని ఒళ్లు ఎండకు తళతళలాడి చూపును నిలవనీయలేదు. పొగరున్న గుర్రం తల ఎగరేయదా అని వర్తకుడు నవ్వాడు.

మూడోసారి సింగమ్మ తన తెరనే వాడుకుంటానంది. పొద్దు ఇంకా పైకెక్కలేదు. తెరను తూర్పుకు అడ్డంగా కట్టించి, ఎండకూ గుడ్డకూ నడుమ గుర్రాన్ని నడిపించమంది. రాజూ పరివారమూ ఇవతల కూర్చున్నారు.

తెరమీద తెలుపు లేదు, తళుకు లేదు. నల్లని నీడ ఒక్కటే నడిచింది. నాలుగు అడుగులకు ఒకసారి దాని తల పైకి లేచింది, మళ్లీ వాలింది. అటు పోయినా అంతే, ఇటు వచ్చినా అంతే.

నాగదత్తుడు తల దించుకున్నాడు. కిందటేడు రాళ్లదారిలో గుర్రం పడిందని, బెణికిన కుడి భుజం పూర్తిగా మానలేదని, చూసేవాళ్ల కళ్లు నడకమీద నిలవకుండా ఆ అలంకారాలన్నీ కట్టానని ఒప్పుకున్నాడు.

రాజు అతణ్ణి రాజ్యం నుంచి వెళ్లగొట్టాడు. సింగమ్మను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"గుర్రాన్ని అతని వెంట పంపకండి. ఇంకో ఊళ్లో ఇంకెవరికో అంటగడతాడు. నొప్పి తగ్గేదాకా మీ పచ్చికలో మేయనివ్వండి, చాలు" అంది సింగమ్మ. రాజు అలాగే చేయించాడు.

మాలావతి ఒక పొట్టి కొండగుర్రాన్ని తెప్పించుకుంది. జీను కూడా వేయకుండా దాన్ని పదిసార్లు నడిపించి చూసింది. ఆ తరువాతే దానిమీద కొండెక్కి, క్షేమంగా దిగివచ్చి, రాణి అయింది.

కనుక పిల్లలూ, నిలబడ్డప్పటి సొగసు చూసి మురిసిపోకూడదు. నడత చూశాకే దేన్నయినా నమ్మాలి.