గులాబ్ షా పొయ్యి నిప్పు

అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఊ కొట్టండి, కొట్టనివాళ్ళ వాటా పులగం నేనే తినేస్తాను.

చిన్నవాడు చిత్రభానుడికి మల్లికావతితో పెళ్ళి కుదిరింది. ఏడు సముద్రాల అవతలి కరాళుడనే మాంత్రికుడు పెళ్ళికూతుర్ని పందిట్లోంచే ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. పెద్దన్న ఏనుగులతో వెళ్ళి వాడి మంత్రానికి రాయయ్యాడు. నడిపన్న గుర్రాలతో వెళ్ళి రాయయ్యాడు.

చిన్నవాడు గులాబ్ షా అనే సూఫీ ఫకీరు దగ్గరికి పోయాడు. అక్కడ పొయ్యి ఆరదు. రాజైనా బిచ్చగాడైనా ఒకే బంతి, ఒకే పులగం.

"బాబా, ఓ మంత్రాల కత్తి ఇప్పించండి."

"కత్తులెక్కడివి నాయనా? మా గురువు నాకిచ్చిందే నీకిస్తా," అని ఫకీరు కుండెడు నిప్పులు చేతిలో పెట్టాడు. "ఆగిన చోటల్లా పొయ్యి వెలిగించు. వచ్చినవాళ్ళకు పెట్టు, ఎవరని అడక్కు. తిన్నవాళ్ళలో ఒకరికి పొయ్యి అప్పగించి కదులు. మన బంతిలో తిన్నవాళ్ళకు మాత్రం కీడు చెయ్యకు."

మొదటి ఒడ్డున తాబేలు తిన్నది. "నీ ఉప్పు తిన్నాను, వీపెక్కు," అంది. అక్కడి పొయ్యి ఒక జాలరి అవ్వకు దక్కింది. రెండో ఒడ్డున ఒక దొంగకు. మూడో ఒడ్డున ఒక సేనాపతే గరిటె పట్టాడు. జనం తలో గుప్పెడు బియ్యం తెచ్చారు. ఇలా ఒడ్డుకో పొయ్యి, పొయ్యికో బంతి.

ఏడో ఒడ్డున పులగం ఉడుకుతుంటే, కోటలోంచి ఒక చిలక ఎగిరొచ్చి చిత్రభానుడి అరచేతిలో వాలింది. కడుపునిండా మెతుకులు తిని, "నేను కరాళుడి ప్రాణాన్ని," అంది.

"నొక్కెయ్ బాబూ," అంది తాబేలు.

ఒక్క నొక్కుకు మాంత్రికుడు చస్తాడు, మల్లికావతి దక్కుతుంది. చిత్రభానుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మన బంతిలో తిన్నదే," అని చెయ్యి విప్పేశాడు.

కరాళుడు రొప్పుతూ వచ్చాడు. "నా ప్రాణం చేతికి చిక్కితే వదిలావేం?"

"మా పులగం తిన్నది మామా. నువ్వూ కూర్చో, చల్లారిపోతుంది."

విషం పెడతారన్న భయంతో వాడు పరాయి చేతి కూడు తిని ఎన్నేళ్ళయిందో! చిలక బతికే ఉంది గనక వాడూ తిన్నాడు. మారు వడ్డించుకున్నాడు. అప్పుడు సిగ్గేసి, రాళ్ళ మీద నీళ్ళు చల్లాడు. అన్నలు లేస్తూనే "ఏం వండారు?" అన్నారు.

మల్లికావతి కోట దిగి వచ్చింది. "ఇంత ఆలస్యమా? ముందు నాకు వడ్డించు," అంది.

పెళ్ళి విందు ఏడు ఒడ్డుల్లోనూ జరిగింది. ఆ దంపతులు తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. ఏడో పొయ్యి ఎవరికిచ్చారంటారా? కరాళుడికే. వాడు రోజూ అడుగంటించేవాడు, అయినా బంతిలోంచి ఎవరూ లేచేవాళ్ళు కారు. కొత్తవాళ్ళెవరైనా రాగానే వాడి భుజం మీది చిలక, "ఎవరని అడక్కు, వడ్డించు," అనేది.