ఊక మూటలో వచ్చిన నిప్పు

"నిప్పు పోయింది! కోటలో నిప్పు పోయింది!"

కోట వంటశాలలో పుట్టిన ఆ కేక రాజవీధి దాటి, కుమ్మరి వీధి దాటి, ఊరి చివర చాకిరేవు దాకా వినబడింది. అప్పటికే ఊళ్లో ఆడవాళ్లంతా చేతిలో కొబ్బరిచిప్ప, చిప్పలో పిడక ముక్క పెట్టుకుని కోట గుమ్మం ముందు బారులు తీరి ఉన్నారు. కేక వినగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అనగనగా ఒక రాజు ఉన్నాడంటే ఆ రాజుకో కోట ఉంటుంది. కోట ఉంటే వంటశాల ఉంటుంది, వంటశాల ఉంటే పొయ్యి ఉంటుంది. మన కథంతా ఆ పొయ్యి గురించే. రాజు పేరు ధర్మకేతు, ఊరు నేరేడుకోట. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఏటా చైత్రం మొదటి రోజున తెల్లారకముందే ఇంటింటా పొయ్యిలో నీళ్లు పోసి ఆర్పేసేవాళ్లు. తర్వాత కోటకు వచ్చి, రాజుగారి పొయ్యిలోంచి కొత్త నిప్పు పట్టుకెళ్లేవాళ్లు. ఊరంతటికీ ఒకటే నిప్పు ఉండాలని రాజుగారి తాతగారు పెట్టిన ఆచారం అది. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఆ కాసేపు ఊరు మొత్తానికి ఒక్క పొయ్యే బతికి ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

పొగమల్లు అనే మాంత్రికుడికి తట్టింది. వాడు పొగలో పొగలా వంటశాలలోకి దూరి, రాజుగారి పొయ్యిలో నిప్పంతా ఒక కొమ్ములోకి పీల్చుకుని, ఏడు సముద్రాల అవతల తన దీవికి ఎగిరిపోయాడు. పోతూ పోతూ మంత్రం కూడా వేసి పోయాడు. ఆనాటి నుంచి నేరేడుకోటలో ఏ రాయి కొట్టినా రవ్వ రాలలేదు, ఏ పుల్ల రాపినా పొగ రాలేదు.

మొదటి వారం జనానికి సరదాగానే ఉంది. అరటిపళ్లు తిన్నారు, కొబ్బరి తిన్నారు, అటుకులు తిన్నారు. రెండో వారం నానబెట్టిన పెసలు తిన్నారు. నెల తిరిగేసరికి పచ్చి బియ్యం నానబెట్టి నములుతున్నారు. పళ్లున్నవాళ్లు నమిలారు. అచ్చాయమ్మకు మాత్రం నోట్లో ఒక్క పన్ను లేదు.

అచ్చాయమ్మ కోటలో వంటావిడ. నలభై ఏళ్లుగా కోటలో అందరికీ వండి పెట్టింది. అందరూ తిని లేచాక, పొయ్యి పక్కన గొంతుక్కూచుని గిన్నె అడుగున మిగిలింది తినేది. రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రసేనుడు, రెండోవాడు వీరసేనుడు, మూడోవాడు సోమసేనుడు. సోముణ్ణి కని వాళ్లమ్మ కన్నుమూస్తే, ఉగ్గు పట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లాణ్ణి పెంచింది అచ్చాయమ్మే. అందుకే వాడు గుర్రాల దగ్గర కన్నా పొయ్యి దగ్గరే ఎక్కువ పెరిగాడు. అన్నలు వాణ్ణి "బూడిదరాజు" అని ఏడిపించేవాళ్లు. వాడికేం కోపం ఉండేది కాదు. బూడిద మంచిదే, గిన్నెలు తళతళలాడతాయి అనేవాడు.

నిప్పు తెస్తానని ముందు పెద్దవాడు కత్తి పట్టుకుని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. రెండోవాడు రెండు కత్తులు పట్టుకుని ఓడెక్కాడు. వాడూ తిరిగి రాలేదు. ఈలోగా అచ్చాయమ్మ చిక్కి చిక్కి పుల్లయిపోయింది. ఒకరోజు సోముడు పెసలు మెత్తగా నూరి నోట్లో పెడితే, రెండు ముద్దలు మింగి చాలంది. "ఒక్క గుక్కెడు వేడి గంజి ఉంటే లేచి తిరిగేదాన్ని నాయనా" అని నవ్వింది.

ఆ మాట విని సోముడు తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్లాడు. తనూ వెళ్తానని తండ్రికి చెప్పాడు. రాజుగారు కత్తి తెప్పించబోతే వద్దన్నాడు. "నాకు కత్తి తిప్పడం రాదు నాన్నగారూ. వచ్చిన పనిముట్లే పట్టుకెళ్తాను" అని వంటశాలలోకి వెళ్లి ఒక చేట, ఒక పొడుగాటి నూలు తువ్వాలు, ఒక ఆముదం బుడ్డి, ఒక బస్తా ఊక మూటగట్టుకున్నాడు. యుద్ధానికి ఊక మూటేమిటని వీధిలో జనం నవ్వారు. అచ్చాయమ్మ నవ్వలేదు. "ఊకలో నిప్పు పెడితే నాలుగు వారాలైనా ఆరదు. నిప్పు తేవడానికి వెళ్లేవాడు ఊక పట్టుకెళ్లక పూలు పట్టుకెళ్తాడా?" అంది.

సముద్రం ఒడ్డున రెండు బండల మధ్య ఇంటి కప్పంత తాబేలు ఒకటి ఇరుక్కుని ఉంది. "నీ అన్నలిద్దర్నీ అడిగాను నాయనా. పెద్దాయన తీరిక లేదన్నాడు. రెండో ఆయన వచ్చేటప్పుడు చూస్తానన్నాడు" అంది. సోముడు లాగి చూశాడు, కదల్లేదు. తోసి చూశాడు, కదల్లేదు. అప్పుడు పనసకాయ కోసేటప్పుడు అచ్చాయమ్మ చేతులకు నూనె రాసుకోవడం గుర్తొచ్చి, డిప్ప చుట్టూ ఆముదం పోశాడు. తాబేలు ఒక్కసారి ఒళ్లు విదిలించి సబ్బుబిళ్లలా జారి బయటపడింది. ఆ మేలు మరవకుండా వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఒక సముద్రం, రెండు సముద్రాలు, మూడు సముద్రాలు, అలా ఏడు సముద్రాలూ దాటించి, పొగలు కక్కే దీవి ఒడ్డున దింపింది. ఎన్నాళ్లయినా ఇక్కడే ఉంటానంది.

పొగమల్లు మాంత్రికుడు అరుగు మీద కూచుని గారెలు తింటున్నాడు. నిప్పంతా వాడి దగ్గరే ఉంది కదా, మూడు పూటలా వాడికి విందే. వాడి పెరట్లో ఒక కొత్త రోలు, ఒక కొత్త సన్నికల్లు ఉన్నాయి. "అది మీ పెద్దన్న, ఇది మీ రెండో అన్న" అని చూపించాడు వాడు. "నేను చెప్పిన మూడు పనులు చేస్తే నిప్పు ఇస్తాను. చెయ్యకపోతే నువ్వు రుబ్బురోలువి. నాకిప్పుడు అదొక్కటే తక్కువ."

మొదటి రోజు వాడు నడుమెత్తు రాశి చూపించాడు. ఆవాలూ నువ్వులూ కలిసిపోయి ఉన్నాయి. పొద్దు గూకేలోపు దేనికది వేరు చెయ్యాలి. భద్రసేనుడు ఒక్కొక్క గింజే ఏరి సాయంత్రానికి గుప్పెడు తీశాడట. వీరసేనుడు చాలా చురుకైనవాడు కాబట్టి రెండు గుప్పెళ్లు తీశాడట.

సోముడు ఒక్క గింజ కూడా ఏరలేదు. చేటలో కాస్త పోసి, చేటను ఏటవాలుగా పట్టుకుని, అంచు మీద వేళ్లతో టకటకమని తట్టాడు. ఆవగింజ గుండ్రన, దొర్లి కిందికి పోయింది. నువ్వుగింజ పలచన, పడుకున్నచోటే పడుకుంది. అచ్చాయమ్మ పోపులోకి ఆవాలు బాగుచేసేది అలాగే కదా. చేట తర్వాత చేట, పొద్దు గూకేసరికి నల్లటి రాశి ఒకటి, తెల్లటి రాశి ఒకటి. మాంత్రికుడి చేతిలో గారె జారిపోయింది.

రెండో రోజు వాడు ఎత్తైన రాతి గట్టు మీద నీళ్లు నిండిన బిందె చూపించాడు. దాని అడుగున ఒక తాళంచెవి ఉంది. అది నిప్పుగది తాళంచెవి. బిందె ఎత్తకూడదు, వంచకూడదు, పగలగొట్టకూడదు. గిన్నె ముంచకూడదు. చెయ్యి ముంచితే ఆ నీళ్లకు చెయ్యి రాయవుతుంది. సాయంత్రానికి తాళంచెవి తన చేతిలో పెట్టాలన్నాడు.

సోముడు బిందె ముందు కూచుని ఆలోచించాడు. ఆలోచిస్తుంటే ఆరేళ్లప్పుడు తను చేసిన వెధవపని ఒకటి గుర్తొచ్చింది. మొహం కడుక్కుని తువ్వాలు సగం బిందెలోకి, సగం బయటికి వేలాడేసి పడుకున్నాడు. తెల్లారి చూస్తే బిందె ఖాళీ, వంటశాల చెరువు. తిడుతుందని తలుపు వెనక దాక్కున్నాడు. అచ్చాయమ్మ మాత్రం వాణ్ణి బయటికి లాగి, "చూశావా నాయనా, దారి చూపిస్తే నీళ్లు కూడా ఎక్కి దిగుతాయి" అని నవ్వింది.

వాడు తువ్వాలు పురిపెట్టి, ఒక కొస జాగ్రత్తగా బిందె అడుగుదాకా వదిలి, రెండో కొస గట్టు కిందికి, బిందె అడుగుకన్నా బాగా దిగువకి వేలాడేశాడు. తువ్వాలు తడిసింది. తడి మెల్లగా పైకి ఎక్కింది, అంచు దాటింది, అవతలికి దిగింది. కింది కొస నుంచి బొట్టు, బొట్టు, బొట్టు. సోముడు చేతులు కట్టుకుని దూరంగా కూచున్నాడు. పొద్దు వాలేసరికి బిందె ఎండిపోయింది. ఇక చుక్క నీరు లేదు కాబట్టి చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకున్నాడు.

మాంత్రికుడు ఖాళీ బిందెలోకి తొంగి చూశాడు. మూడో పని రేపు చెబుతానన్నాడు. ఇన్నేళ్లలో అంతదాకా వచ్చినవాడు లేడు, అందుకని వాడు మూడో పని అసలు ఆలోచించుకోనే లేదు. మర్నాడు ఆలోచిస్తానని కూచుని, పులిహోర, బొబ్బట్లు తిని, మధ్యాహ్నం గుర్రుపెట్టి నిద్రపోయాడు. తాళంచెవి తీసుకోవడం కూడా మరిచిపోయాడు.

సోముడు నిప్పుగది తెరిచాడు. లోపల మొహమంతా మసితో ఒక అమ్మాయి పొయ్యి ఊదుతోంది. ఆమె తారావళి అనే రాజకుమార్తె. వంటకని మాంత్రికుడు ఎత్తుకొచ్చి బంధించాడు, నూరే పని ఉన్నప్పుడు మాత్రం మంత్రంతో తలుపు తీసి పెరట్లోకి వదిలేవాడు. "నిప్పు ముట్టుకోకండి, వాడి మాయ ఉన్నంతకాలం ముట్టుకున్నవాళ్లు రాయవుతారు" అని ఆపింది. వాడి మాయంతా ఒక చిలకలో ఉందని, ఆ చిలక పెరట్లో రాతి బిలం అడుగున ఉందని చెప్పింది. చిలక తనంత తాను పైకి వచ్చి ఎగిరిపోతే మాయ విడిపోతుంది. లోపలే చచ్చిపోతే రాళ్లయినవాళ్లు ఎప్పటికీ రాళ్లే.

ఇద్దరూ వెళ్లి చూశారు. బిలం రెండు పిడికిళ్ల వెడల్పు, నిలువెత్తు లోతు. రెక్క విప్పడానికి చోటు లేదు. తాడు వేస్తే చిలకకు పట్టుకోవడం రాదు. నీళ్లు పోస్తే మునిగిపోతుంది. తారావళి దిగులుగా చూసింది. సోముడు మాత్రం ఊక మూట విప్పాడు.

ఒక గుప్పెడు ఊక వేశాడు. చిలక ఒళ్లు దులుపుకుని ఊక మీదికెక్కి నిలబడింది. ఇంకో గుప్పెడు వేశాడు. మళ్లీ దులుపుకుని ఎక్కింది. ఇంకో గుప్పెడు, ఇంకో మెట్టు.

"తొందరపడకు బాబూ, కళ్లల్లో పడుతోంది" అంది చిలక లోపల్నుంచి.

ఇద్దరూ చెరో గుప్పెడూ వేస్తూ పోయారు. బస్తాలో మూడో వంతు మిగిలి ఉండగా బిలం అంచున పచ్చటి తల కనబడింది. చిలక గట్టు మీదికి ఎక్కి, రెక్కలు రెండూ సాచి, "నూరేళ్లయింది నాయనా ఇలా చాచి. మీ కడుపులు చల్లగా ఉండాలి" అని ఆకాశంలోకి ఎగిరిపోయింది.

అరుగు మీద గురక ఆగింది. మాంత్రికుడు లేచి మంత్రం చదవబోతే దగ్గొచ్చింది. ఇప్పుడు వాడు మామూలు ముసలాడు, అంతే. రోలు భద్రసేనుడైంది, సన్నికల్లు వీరసేనుడైంది. పెద్దాయన నడుం పట్టుకుని, తన నెత్తిన ఎన్ని పచ్చళ్లు నూరారో అని మూలిగాడు. "నూరింది నేనే బావగారూ, క్షమించాలి. మీలో గోంగూర పచ్చడి బాగా కుదిరేది" అంది తారావళి. బావగారూ అని తనకు తెలియకుండానే అనేసి నాలుక కరుచుకుంది. సోముడు చెవులదాకా ఎర్రబడ్డాడు. ఇంక పెళ్లిమాట వేరే ఎవరూ ఎత్తనక్కర్లేకపోయింది.

సోముడు కుండలో నిప్పుకణికలు పరిచి, పైన మిగిలిన ఊక కప్పి, ఆ పైన బూడిద కప్పాడు. తాబేలు అందర్నీ ఎక్కించుకుంది, ముసలాడితో సహా. ఏడు సముద్రాలూ ఆ ఊక లోలోపలే రగులుతూ వచ్చింది. అన్నలు వంతులు వేసుకుని కుండ ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. "బూడిద మంచిదేరా తమ్ముడూ" అన్నాడు వీరసేనుడు, తల దించుకుని.

"నిప్పు వచ్చింది!" అన్న కేక ఈసారి చాకిరేవు దగ్గర పుట్టి కోట దాకా పాకింది. ఆడవాళ్లు చిప్పలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. రాజుగారు ముందు ఊరి చివరి గుడిసెలో పొయ్యి వెలిగించమన్నాడు, కోట పొయ్యి ఆఖరున. ఇకమీదట ఎవరూ పొయ్యి ఆర్పనక్కర్లేదని, రాత్రి బూడిద కప్పి దాచుకోవాలని, పొరుగువాళ్లు అడిగితే లేదనకూడదని చాటింపు వేయించాడు.

తర్వాత సోముడికీ తారావళికీ పెళ్లయింది. అన్నలిద్దరూ పట్టుబట్టి తమ్ముడికే పట్టం కట్టించారు. వాడు అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. మాంత్రికుడు వంటశాలలో కట్టెలు కొట్టుకుంటూ బతికాడు. అవన్నీ జరిగాయి. కానీ నేరేడుకోటవాళ్లు ఈనాటికీ చెప్పుకునేది ఆ మొదటి రోజు భోజనం గురించే.

కోట ముందు వీధి పొడుగునా విస్తళ్లు వేశారు. రాజు పక్కన కుమ్మరి, కుమ్మరి పక్కన చాకలి, చివర మాంత్రికుడు. అన్నం పొగలు కక్కుతోంది, కానీ ఎవరూ ముద్ద ఎత్తలేదు. మొదటి విస్తరి ముందు పీట ఖాళీగా ఉంది. అచ్చాయమ్మ గోడ పట్టుకుని నిలబడి, "నేను తర్వాత తింటాలెండి. వడ్డించేవాళ్లు ఎవరు?" అంటోంది.

"ఈ పూట మేం వడ్డిస్తాం అచ్చాయమ్మా, కూచో" అన్నాడు రాజుగారు. తారావళి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

సోముడు తనే స్వయంగా కాచిన వేడి గంజి చిప్పలో పోసి, ఊది ఊది, ఆమె చేతికిచ్చాడు. ఆమె ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుంది. వీధి వీధంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఉప్పు తగ్గింది నాయనా" అంది అచ్చాయమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

అందరూ ఒక్కసారి నవ్వారు. ఎవరో ఉప్పు చిప్ప అందించారు. సోముడు ఆమె పక్కనే పీట వేసుకుని కూచున్నాడు. అప్పుడు ఊరంతా కలిసి మొదటి ముద్ద కలిపింది.