పేరు లేని తొమ్మిదోది

సుదర్శనానికి నెల్లాళ్ళుగా కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే అమ్మగారు పాఠం మొదలుపెట్టగానే ఇంటర్నెట్టు కుంటడం మొదలవుతోంది. దూరపు ఊళ్ళలో తెరల ముందు కూచున్న శిష్యులకి ఆవిడ గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. "దేవుడు ఎక్కడో లేడు, ఇక్కడే ఉన్నాడు" అని అమ్మగారు అంటే, "దేవుడు... లేడు" అని మాత్రమే వినపడిందట ఒకాయనకి. ఆయన రెండు రోజులు బెంగపెట్టుకుని కూచున్నాడు, పాపం.

మాది కొల్లేటి లంక. అమ్మగారంటే మాణిక్యాంబగారు. ఆవిడ ఉండేది పాత పెంకుటింట్లో. దాన్ని ఆశ్రమం అని మేము అన్నామే తప్ప ఆవిడెప్పుడూ అనలేదు. శిష్యులం నలుగురం అక్కడే ఉంటాం. వంట నాంచారమ్మది. చలికాలం వచ్చిందంటే ఎనిమిదింటి దాకా నీళ్ళేవో ఆకాశమేదో తెలియదు. గూడబాతులు మంచులోంచి వచ్చి మంచులోకే పోతాయి. ఆ వేళ అమ్మగారి మాట వింటూ ఉంటే, మెలకువగా ఉన్నామో కల కంటున్నామో మాకే తెలిసేది కాదు.

సుదర్శనం ఇదివరకు ఆకివీడులో ఒక ఇంటర్నెట్టు ఆఫీసులో పనిచేశాడు. రౌటరు, తీగలు, అన్నీ వాడి పెత్తనమే. పని బాగా వచ్చు, నోరే కాస్త దురుసు. అమ్మగారంటే ప్రాణం. ఆవిడ నోట వచ్చిన ప్రతి మాటా వీడియో తీసి ఫోనులో దాచుకుంటాడు. "అవన్నీ ఎప్పుడు వింటావురా?" అని నేనంటే, "ముందు పోగవనీ" అనేవాడు.

వాడు చెయ్యని ప్రయత్నం లేదు. తీగ మార్చాడు. రౌటరే మార్చాడు. ఇనప బీరువా అడ్డమొస్తోందని రౌటర్ని తీసుకెళ్ళి దూలానికి కట్టాడు. లాభం లేకపోయింది. ఆఖరికి మా లైనుకి ఏమేం తగులుకుని ఉన్నాయో చూపించే పట్టీ తన ఫోనులో తెరిచాడు. ఇంట్లో ఒక్కొక్కటే ఆపుకుంటూ, పట్టీలోంచి ఏది మాయమైతే దానికి పేరు రాసుకుంటూ పోయాడు. అమ్మగారి లాప్‌టాప్, ప్రింటరు, టీవీ, చేపల చెరువు దగ్గరి కెమెరా, అమ్మగారి ఫోను, మా ముగ్గురి ఫోన్లు. మొత్తం ఎనిమిది.

తొమ్మిదోది మిగిలింది. దానికి పేరు లేదు. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి గుర్తు, అంతే. అన్నీ ఆపేసినా అదొక్కటీ పోలేదు. పైగా మా లైనులోంచి బయటికి వెళ్ళాల్సిన దారంతా అదే ఆక్రమించుకుని కూచుంది.

"అమ్మా, ఇంట్లో దొంగ ఉన్నారు" అన్నాడు సుదర్శనం.

"ఎవరు నాయనా?"

"పాఠం చెడి నెల్లాళ్ళయింది. నెల్లాళ్ళ కిందట ఈ ఇంట్లోకి కొత్త ఫోను ఎవరిది వచ్చిందో అందరికీ తెలుసు. దొంగని ఇంట్లో పెట్టుకుని ఎన్ని రౌటర్లు మార్చి ఏం లాభం?"

అందరం వంటింటి వైపు చూశాం. నాంచారమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఫోను కూతురు మొదటి జీతంతో కొని పంపింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని గాని దాన్ని ముట్టుకోదు నాంచారమ్మ.

"నాకు మాట్లాడ్డం తప్ప అందులో ఇంకేం తెలీదు బాబూ. ఇదిగో, నువ్వే చూసుకో" అని ఫోను చాపింది.

వాడు చెయ్యి కూడా ముందుకి పెట్టలేదు. "చూడక్కర్లేదు. పాస్‌వర్డు నీకెవరు చెప్పారో అది చెప్పు, చాలు."

పదకొండేళ్ళుగా మాకు వండిపెట్టిన మనిషి. మాలో ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్న మేము పాఠానికి కూచునేసరికి నాంచారమ్మ బట్టల మూటతో వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"వెళ్ళొస్తానమ్మా. దొంగ అనిపించుకున్న చేత్తో మీకు అన్నం పెట్టలేను."

అమ్మగారు ఉండమంటారని అందరం అనుకున్నాం. ఆవిడ అనలేదు. నాంచారమ్మని చూసి, సుదర్శనాన్ని చూసి, చెయ్యి చాపారు.

"నీ ఫోను ఇలా ఇయ్యి. ఆపకు, అలాగే ఉండనీ. తర్వాత నీకు చేరుస్తాను." దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సుదర్శనంతో అన్నారు: "దోనెలో గట్టు దాకా నువ్వు తోడు వెళ్ళు. ఆ పట్టీ చూస్తూనే ఉండు. దొంగ మీంచి కన్ను తియ్యకు."

"ఫోను ఇక్కడుంటే దొంగా ఇక్కడే ఉన్నట్టు కదమ్మా?"

"చూస్తే తెలుస్తుందిగా. వెళ్ళు."

ఆ తర్వాత జరిగింది నాంచారమ్మా, సుదర్శనమూ నాతో చెప్పిన మాట.

సుదర్శనానికి దోనె నడిపే గెడ వెయ్యడం రాదు. మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆవిడే గెడ వేసింది. వాడు ఎదురుగా కూచుని ఫోనులోకి చూస్తున్నాడు. ఇల్లు కొంచెం కొంచెంగా మంచులో కరిగిపోయింది. ముందు గోడలు పోయాయి, తర్వాత పెంకులు, ఆఖరికి అరుగు మీది దీపం. కిక్కిస పొదలు పక్కనించి నిద్రలో నడిచినట్టు నడిచి వెళ్ళాయి. నీటి చప్పుడు కూడా లేదు.

పట్టీలో తొమ్మిదీ ఉన్నాయి, పేరు లేనిది అన్నిటికంటే పైన. కాసేపటికి పట్టీ కదలడం మానేసింది. తర్వాత తెర మీద అసలేమీ లేదు. లైను అందనంత దూరం వచ్చేశారు.

అప్పుడు నీళ్ళ మీదుగా అమ్మగారి గొంతు వినపడింది. మంచులో మాట ఎంత దూరమైనా వస్తుంది. ఆవిడ నెమ్మదిగా పాఠం చెప్తున్నారు. వెంటనే లాప్‌టాప్‌లోంచి, భిలాయిలో ఉండే సోమసుందరంగారి గొంతు, సంతోషం పట్టలేక అరిచినట్టుగా: "అమ్మా! ఇవాళ మీరు ఎదురుగా కూచుని చెప్తున్నట్టుందమ్మా! ఒక్క ముక్క కూడా తెగలేదు!"

నాంచారమ్మ గెడ ఆపేసింది. "బాగుపడింది బాబూ, బాగుపడింది!" అంది, తన మీది నింద సంగతే మరిచిపోయి.

సుదర్శనం లెక్క వేసుకున్నాడు. నాంచారమ్మ ఫోను వెలుగుతూ అమ్మగారి ఒళ్ళో ఉంది. ఇంట్లోవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఇంట్లోంచి బయటికి వచ్చింది ఒక్కటే.

వాడు ఫోను పైన వచ్చిన చిన్న వరస చదివాడు. వీడియోలు పైకి ఎక్కించడం ఆగిందట. వైఫై కోసం చూస్తోందట. ఇంకా నాలుగు వందల పన్నెండు మిగిలాయట. అన్నీ అమ్మగారి పాఠాలే. నెల కిందట ఫోను నిండిపోతే, రోజూ తెల్లవారుజామున మొదలై వాటంతట అవే ఇంటర్నెట్టులో చేరి భద్రంగా ఉండేలా ఏర్పాటు చేసుకున్నాడు. తన ఫోను ఎవరూ గుర్తుపట్టకుండా మారు గుర్తుతో తిరిగేలా పెట్టుకున్నదీ అప్పుడే. మా అందరివీ ఆపించాడు గాని, చేతిలో పట్టుకుని చూస్తున్నదాన్ని ఆపాలని వాడికి తట్టలేదు.

"వెనక్కి తిప్పు అత్తా" అన్నాడు.

"దొంగ దొరికారా?"

వాడు రెండు చేతులతో ఫోను ఆవిడ ముందు పెట్టాడు.

"నాకు చదువు రాదు కదా. నోటితో చెప్పు."

"నేనే అత్తా."

"చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వ్యవహారం" అని నాంచారమ్మ దోనె తిప్పిందట. "చెంప మీద ఒక్కటిద్దామనే అనుకున్నాను. గెడ వదిలితే ఇద్దరం నీళ్ళలో పడతామని ఊరుకున్నాను" అని నాతో చెప్పింది.

వాళ్ళు వచ్చేసరికి పాఠం అయిపోయింది. అమ్మగారు అరుగు మీద కూచుని ఉన్నారు.

"దొరికాడా?"

"దొరికాడమ్మా" అని సుదర్శనం ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. అమ్మగారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"నాకెందుకు నాయనా? ఏడ్చింది నేను కాదుగా." ఫోను నాంచారమ్మ చేతిలో పెట్టి అడిగారు: "నువ్వు చెప్పు. ఈ దొంగని ఉంచుదామా, పంపిద్దామా?"

నాంచారమ్మ కొంగు నడుముకి బిగించి, వాణ్ణి కిందనించి పైదాకా చూసింది.

"అదంతా తర్వాత చూద్దాం లెండమ్మా. రాత్రి కూడా అన్నం తినకుండా కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు, నేను చూశాను" అని మూట ఓ మూల పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

సుదర్శనం గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియని కొత్తవాడిలా ఉన్నాడు. కాసేపటికి వంటింట్లోంచి కేక వినపడింది.

"బాబూ, ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు?"

వాడు వెళ్ళి కత్తిపీట ముందు కూచున్నాడు. ఆ పూట వాడి కళ్ళనీళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.